సొంతం కాని నేలలో పెరడు

ఛత్తీస్‌గఢ్‌లోని మా బిలాస్‌పూర్‌కి రైలు రావడం అడవిని కొట్టడంతోనే మొదలైంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, అంతకుముందే నాగపూర్ నుంచి రాజనందగావ్ దాకా ఉన్న మీటర్ గేజి లైనును తీసుకుని, బ్రాడ్ గేజిగా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పొడిగించింది. 1891కల్లా ఆ లైను పూర్తయింది, కట్నీ వైపు లైనూ కలిసి ఊరు జంక్షనైంది. ఆ పట్టాల కింద పరిచినవి ఎక్కువగా గుగ్గిలం చెట్టు చెక్కలు. ఈ చెట్టును ఇక్కడ సరయి అంటారు. ఒక్కో స్లీపరు తొమ్మిదడుగుల పొడవు, పదంగుళాల వెడల్పు, ఐదంగుళాల మందం. కిలోమీటరుకు వెయ్యికి పైనే కావాలి, పుచ్చినప్పుడల్లా కొత్తవి వేయాలి. చుట్టుపక్కల సరయి అడవులు చాలావరకు అలా కరిగాయి. ఆ స్లీపర్లు మోసినవాళ్ళే తమ ఇళ్ళ వెనుక పచ్చదనం పెంచారు. నేను చెప్పదలచింది ఆ పెరళ్ళ గురించి.

మన తెలుగువాళ్ళు ఇంత దూరం రావడానికి కారణం కూడా రైలే. 1902లో ఈస్ట్‌కోస్ట్ రైల్వే ఉత్తర భాగం, అంటే వాల్తేరు నుంచి కటక్ వైపు లైను, ఈ కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుర్రాళ్ళు గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా ఖరగ్‌పూర్‌కీ బిలాస్‌పూర్‌కీ చేరారు. 1928లో ఈ కంపెనీ కార్మికుల సమ్మెను ముందుండి నడిపినవాడు బరంపురంలో పుట్టిన మన వి.వి.గిరే. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయ్యాక దారి మరీ దగ్గరైంది. మా తాత పార్వతీపురం పక్క పల్లె నుంచి ఆ లైను మీదే వచ్చి గ్యాంగులో చేరాడు.

ఆయనకిచ్చిన క్వార్టరులో ఒక గది, ఒక వసారా, వెనుక చిన్న పెరడు. ఆ పెరడే నాయనమ్మ రాజ్యం. ఊరి నుంచి గోంగూర విత్తనాలు కొంగున ముడేసుకుని తెచ్చింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఎర్ర తోటకూర విత్తనాలిస్తే ఈవిడ గోంగూర విత్తనాలిచ్చేది. గోంగూరను అమారీ భాజీ అంటూ ఆవిడా ఇష్టంగానే వండుకునేది. అంట్లు తోమిన నీళ్ళు సన్నటి కాలవలో అరటి పాదుకి వెళ్ళేవి. పొయ్యి బూడిద జల్లించి చిక్కుడు తీగల మీద చల్లేది. ఆనప పాదు పందిరెక్కి, పిట్టగోడ దాటి, అవతలింట్లో కాసేది. ఆ కాయ వాళ్ళదే.

అన్నిటికన్నా బాగా గుర్తున్నది కరివేపాకు. పెద్ద చెట్టు వేళ్ళ నుంచి పిలకలు లేస్తాయి కదా. తొలకరి పడి నేల మెత్తబడ్డాక నాయనమ్మ ఒక్కో పిలక చుట్టూ గునపంతో జాగ్రత్తగా తవ్వి, పెద్ద చెట్టు వేరుతో కలిసేచోట కత్తితో కోసి, మట్టిముద్దతో సహా తడిగోనెలో చుట్టి ఇచ్చేది. మా వరసలో ప్రతి ఇంటి కరివేపాకూ ఆ ఒక్క చెట్టు పిల్లే.

ఇది ఆడవాళ్ళ సరదాతో సాగిన పని అనుకోకూడదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943 ప్రాంతాన, తిండి కరువై ప్రభుత్వం ‘గ్రో మోర్ ఫుడ్’ ఉద్యమం నడిపింది. పట్టాల పక్క ఖాళీ నేలను కూరగాయలు పండించుకోమని చిన్న ఉద్యోగులకు లైసెన్సు మీద ఇచ్చే పద్ధతి రైల్వేలో తరవాత అదే పేరుతో స్థిరపడింది. జర్మనీ రైల్వే కార్మికులకూ పట్టాల పక్క ఇలాంటి తోటలే ఉన్నాయి. జీతం చాలని చోట నేల ఆదుకుంటుందని అక్కడా ఇక్కడా తెలుసుకున్నారు. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె ఇరవై రోజులు సాగింది. జీతాల్లేవు. ఆ మే ఎండల్లో మా ఇంట్లో బచ్చలి పప్పు, మునగాకు వేపుడు, మళ్ళీ బచ్చలి పప్పు. మునగచెట్టు లేని ఇళ్ళకు కొమ్మలు విరిచి పంపేవాళ్ళం. ఆ రోజుల్లో మా వరసలో ఎవరూ పస్తుండలేదు.

ఇన్ని పెంచినా ఏదీ మాది కాదు. బదిలీ అయితే కదలాలి, రిటైరైతే ఖాళీ చేయాలి. అయినా వెళ్ళేవాళ్ళు చెట్టు నరికి పోవడం నేను చూడలేదు. వచ్చేవాళ్ళకు ఏ మామిడి ఎప్పుడు కాస్తుందో, ఏ పాదుకి ఎన్ని నీళ్ళు పోయాలో చెప్పి మరీ తాళాలిచ్చేవారు. 1950లో కె.ఎం.మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టాక ఏటా జూలైలో మొక్కలు నాటడం దేశమంతటా ఆనవాయితీ అయింది. అలా మా కాలనీ రోడ్ల వెంట కూడా వేపలు, నిద్రగన్నేర్లు పెద్దవై గొడుగు పట్టాయి. మా ఊళ్ళోని బారా ఖోలీలో మనవాళ్ళు చేసే సోలాపురి మాత పూజకు వేపమండలు ఈ చెట్ల నుంచే వెళ్ళేవి.

2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రమైంది. కొత్తగా కట్టే ఇళ్ళు అంతస్తులుగా లేచాయి, వాటికి పెరళ్ళు లేవు. అందుకే రిటైరైన మేం కొందరం, తెలుగు, బెంగాలీ, ఛత్తీస్‌గఢీ కుటుంబాల వాళ్ళం, కాలనీలో ఒక ఖాళీ జాగాను, దాని పక్కన చెట్ల కింది నడకదారిని పొద్దున్నే చూసుకుంటున్నాం. మొక్కలకు పాదులు చేస్తాం, దారి మీద రాలిన ఆకు తగలబెట్టకుండా గోతిలో వేసి ఎరువు చేస్తాం, పిల్లలకు చెట్ల పేర్లు చెబుతాం. నాయనమ్మ కరివేపాకు పిల్లల పిల్లలు కూడా అక్కడున్నాయి. తొలకరికి పిలకలు తీసి అడిగినవారికల్లా ఇస్తున్నాం.

ఇది సేవ అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు మా పెద్దవాళ్ళు గుర్తొస్తారు. తన తరవాత వచ్చే ముక్కూమొహం తెలియని మనిషి కోసం మొక్క వేయడం ఈ ఊళ్ళో వాళ్ళే అలవాటు చేశారు. మేం దాన్ని తెగిపోకుండా పట్టుకున్నాం, అంతే. క్వార్టరు అప్పగించేటప్పుడు ఫ్యాన్లు, కుళాయిలు, తలుపు గడియలు లెక్కచూసి సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితంలో చెట్లకు కూడా ఒక గడి ఉండాలి: ఏ చెట్టు, ఎవరు వేశారు, ఏ సంవత్సరం. కాగితం మారేదాకా ఆగనక్కర్లేదు. పెరడున్న ప్రతి ఇల్లూ ఒక నోటుపుస్తకంలో ఈ మూడూ రాసి, తాళాలతో పాటు దాన్నీ కొత్తవాళ్ళకు అప్పగించాలి. మా జాగాకు అలాంటి పుస్తకం మొదలుపెట్టాం. అందులో మొదటి పేరు నాయనమ్మది.