ఇసుకపై నిలిచిన ఆనకట్ట



గట్టి పునాది కావలెనన్నచో ఱాయి తగులువఱకు త్రవ్వవలెనని మనమందఱ మెఱుగుదుము. త్రవ్వినకొలది ఇసుకయే వచ్చుచోట, చేతిలో ధనమును చాలనిచోట, ఏమి చేయవలెను? గోదావరిపై ధవళేశ్వరమున 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట ఈ ప్రశ్నకు సమాధానము. ఆ సమాధానము ఎచ్చటినుండి వచ్చినదో ఈ పూట మనవి చేయదలచితిని.

గోదావరి యొడ్డున నున్నవారికి కఱవు వచ్చుట వింతగా తోచును, కాని వచ్చినది. ఏఱు నిండుగా పాఱి సముద్రమున కలియుచుండెను; పొలము వానకై యెదురు చూచుచుండెను. 1833 ప్రాంతపు నందన కఱవును, 1839 నాటి ఉప్పెనను కోస్తా గ్రామములు చిరకాలము మఱవలేదు. రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1821లో 7 లక్షలకు పైబడి యుండగా, 1841 నాటికి 6 లక్షలకు లోపడెను. ఆనాడు పాలించుచున్న ఈస్టిండియా కంపెనీకి పన్ను తగ్గినదను చింత కలిగినది కాని, పెద్ద వ్యయమునకు చేయి రాలేదు.

ఆనకట్ట కట్టుటకు పూనుకొన్న ఆర్థరు కాటను దొర అంతకు ముందు తంజావూరు సీమలో కావేరిపై పనిచేసెను. అచ్చట కరికాలచోళుని దని చెప్పబడు కల్లణై యను పురాతనపు కట్ట కలదు. దాని పొడవు సుమారు 1,080 అడుగులు. దాని యడుగున ఱాయి లేదు. లోతు తెలియని యిసుకయే. ఆ కట్టను పరిశీలించి కాటను గ్రహించిన యుపాయ మిట్టిది. పూర్వులు ఏటిలో పెద్ద బండలు వేసిరి. ప్రవాహము క్రింది యిసుకను కోసికొనిపోగా అవి క్రుంగెను. క్రుంగినచోట మఱల బండలు వేసిరి. ఇక క్రుంగని స్థితి వచ్చిన పిమ్మట, పైని బంకమట్టితో ఱాళ్లు పేర్చి కట్టను లేపిరి. ఏఱు చేయు చెఱుపునే పునాదికి సాయముగా మార్చుకొనిరన్నమాట! ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశపు పూర్వులవలననే నేర్చితిమని కాటను తరువాత స్పష్టముగా వ్రాసెను. 1836లో కొల్లడముపై ఆనకట్ట కట్టి, ఆ యనుభవముతో గోదావరికి వచ్చెను.

ధవళేశ్వరమువద్ద ఏటి వెడల్పు లంకలతో కూడ ఇంచుమించు నాలుగు మైళ్లు. అంత వెడల్పైన చోటును కోరుకొనుటలో పొదుపు కలదు. నడుమ లంకలుండుటచేత ఱాతికట్టు రెండు మైళ్లకు కొంచెము మించి చాలినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, ఒక్కొక్క పాయను వేఱుగా పట్టి కట్టుటకు వీలైనది. ఱాయి ఒడ్డుననున్న ధవళేశ్వరపు కొండలోనే దొరికినది. అడిగినంతమంది ఇంజనీర్లు దొరకకపోయినను, వీణెము వీరన్నగారివంటి సమర్థులు పనివారిని కూర్చి నడిపిరి. వేలకొలది కూలీల రెక్కల కష్టమును ఇచ్చట చెప్పకున్న దోషమగును.

కట్టిన విధము వినుడు. ఇసుకలో నూతులు దింపి, వానిని ఱాతికట్టుతో నింపి, వాని తలలపై గోడ లేపిరి. ఎత్తు సుమారు 12 అడుగులే. వఱద దానిపైనుండి పొర్లిపోవలసినదే. గోడకు దిగువను వాలుగా ఱాతిపఱుపు. దానికిని దిగువను సున్నము లేని విడి బండలు. ఈ విడి బండలలోనే అసలు తెలివి కలదు. సున్నముతో బిగించిన పఱుపు క్రింద ఇసుక జాఱినచో, పైకి తెలియకుండనే డొల్ల యేర్పడి, ఒకనాడు పఱుపంతయు విఱుగును. విడి బండ యట్లు కాదు. ఇసుక జాఱగానే తానును క్రుంగి ఆ గుంటను తానే పూడ్చును. వఱద తీసిన పిమ్మట క్రుంగినచోట మఱల బండలు వేసిన చాలును. పని నడుచుచుండగనే వఱద కొంత భాగమును కోసికొనిపోయినది. దానిని మఱల కట్టిరి. 1982లో క్రొత్త బారేజి పూర్తియగువఱకు, నూటముప్పది యేండ్లపాటు, ఈ కట్టయే డెల్టాకు నీరందించినది.

ఇందు నేను గ్రహించిన నీతి యొకటి కలదు. ఎన్నటికిని చెడని కట్టడము కట్టుటకు కంపెనీ యిచ్చిన సొమ్ము చాలదు. బహుశః ఎంత సొమ్మును చాలదు. కాని ఎచ్చట చెడునో ముందుగా నెఱిగి, చెడిన భాగమును చేరువనున్న ఱాతితో, ఊరి చేతులతో సవరించుకొన వీలగు కట్టడము కొద్దిపాటి ధనముతో సాధ్యము. అయితే దానికి ఏటేట కాపుదల కావలెను. బండ వేయుట మానిననాడు కల్లణై యైనను నిలువదు.

మీ యూరి చెఱువునకును ఈ మాట వర్తించును. అలుగు దిగువను నాలుగు ఱాళ్లు జాఱిన యేడే వానిని సరిచేసిన, ఖర్చు ఒక బండెడు ఱాయి, ఒక దినపు కూలి. ఉపేక్షించినచో గండి పడును. అప్పుడు పోవునది ఊరి పంటయే. పెద్ద పనులకు ధనము వచ్చువఱకు వేచియుండుట కంటె, కలిగినదానితో ఈ యేటి పని ఈ యేడే చేసికొనుట మన పూర్వులు చూపిన త్రోవ. ఆ త్రోవ మీ చేతులలో నున్నది.