నాన్న హెరాల్డ్ కారు, 1/32 కొలతలో

నవంబరులో మా ట్రాలీలో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది. అట్లాంటిక్ మీంచి వాన అడ్డంగా కొడుతుంటే పిల్లల్ని టౌన్ పార్కుకి తీసుకెళ్ళే ప్రశ్నే ఉండదు. అలాంటి ఒక శీతాకాలంలోనే మా డైనింగ్ టేబుల్ మీదకి ప్లాస్టిక్ కారు కిట్ వచ్చింది. నేను ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసే మనిషిని. సూది, దారం, ఫోర్సెప్స్ అలవాటే గానీ బొమ్మ కారు కట్టడం అంతకుముందు ఎరగను. మూడు కార్లు పాడుచేసి నాలుగోది నిలబెట్టాక, మన పిల్లలతో మొదలుపెట్టాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. నెల్లూరులో మా నాన్నకి 1974లో కొన్న సెకండ్‌హ్యాండ్ స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. నేను ఇంజక్షన్ అంటే ఏడ్చే వయసులో ఉండగా అమ్మేశారు. ఇప్పుడు ఆయనకి 79. బైపాస్ అయ్యాక డాక్టర్లు ఇంత దూరం విమానం వద్దన్నారు. ఐర్లండ్ చూడలేకపోయానన్న దిగులు కంటే, వీడియో కాల్‌లో ఆయన ఎక్కువ మాట్లాడేది ఆ కారు గురించే. సరే, ఆయన రాలేకపోతే కారే ఆయన దగ్గరికి వెళ్తుందనుకున్నాను.

హెరాల్డ్ అసలు ఇంగ్లండు కారు. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. 1961 నుంచి మద్రాసు దగ్గర వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వాళ్ళు దాన్ని తయారుచేశారు. 1965 నాటికి పేరు స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. ఇంగ్లండులో పెద్ద ఇంజన్లు వచ్చినా మనకి మాత్రం చివరిదాకా 948 సీసీయే. మన మార్కెట్టు కోసమే నాలుగు తలుపుల రకం, స్టాండర్డ్ కంపానియన్ అనే అయిదు తలుపుల రకం కూడా చేశారు. నెల్లూరుకి మద్రాసు దగ్గర కావడంతో మా వైపు ఈ కార్లు బాగానే తిరిగేవని నాన్న అంటారు.

ఈ కారుకి కిట్ ఉంది. ఎయిర్‌ఫిక్స్ వాళ్ళది, రెండు తలుపుల ట్రయంఫ్ హెరాల్డ్, 1/32 కొలత. నాన్నది కూడా రెండు తలుపులదే, కనుక బాడీని కోసే పని తప్పింది. అంబాసిడర్‌కి ఇలాంటి ప్లాస్టిక్ కిట్ నాకు దొరకలేదు. కావాలంటే తయారైన డైకాస్ట్ బొమ్మ కొనుక్కోవడమే. ఇక్కడ ఒక ముచ్చట. ఎయిర్‌ఫిక్స్ మొదటి కిట్ 1949లో వచ్చిన ఫెర్గూసన్ ట్రాక్టర్. హారీ ఫెర్గూసన్ ఈ దీవిలోనే డౌన్ కౌంటీలో పుట్టినవాడు. ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టర్‌ని కోవెంట్రీలో కట్టింది స్టాండర్డ్ మోటార్ కంపెనీ, అంటే హెరాల్డ్‌కి పుట్టినిల్లు అయిన కంపెనీయే. మన పొలాల్లో మాసీ ఫెర్గూసన్ చూసి పెరిగినవాళ్ళకి ఇది చుట్టరికమే.

కొలతల గురించి రెండు మాటలు. 1/32 అంటే అసలు కారులో 32 సెంటీమీటర్లు బొమ్మలో ఒక సెంటీమీటరు. హెరాల్డ్ పొడవు 3.88 మీటర్లు, అంటే బొమ్మ 12 సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. కార్లకి ఎక్కువ దొరికేది 1/24. అందులో ఇదే కారు 16 సెంటీమీటర్లు వస్తుంది, చిన్నచేతులకి పట్టుకోవడం తేలిక. కొలత తెలిస్తే రంగు ఎంత పల్చగా వేయాలో కూడా అర్థమవుతుంది. బొమ్మ మీద పదో వంతు మిల్లీమీటరు రంగు పేరుకుంటే, అసలు కారు మీద మూడు మిల్లీమీటర్లకి పైగా సున్నం కొట్టినట్టు. నా మొదటి రెండు కార్లు అలా పోయినవే.

కిట్ తెరవగానే భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. చట్రంతో సహా గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పోకపోతే రంగు నిలవదు. భాగాన్ని చేత్తో తుంచకూడదు. కటింగ్ ప్లయర్‌తో ముందు కొంచెం దూరంగా, తర్వాత దగ్గరగా, రెండుసార్లు కత్తిరించి, మిగిలిన బొడిపెని 400, 600, 1000 నంబరు ఉప్పుకాగితాలతో అరగదీయాలి. పాత అచ్చుల్లో అంచుల వెంట పల్చటి ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, అవీ గీకేయాలి. మడ్‌గార్డుల మీంచి సన్నగా పోయే అచ్చుగీతని మాత్రం వదలకండి. ఇప్పుడు కనబడదు, రంగు వేశాక అదొక్కటే కనబడుతుంది.

అతికించే ముందు ప్రతి భాగాన్నీ జిగురు లేకుండా అమర్చి చూసుకోవాలి. ప్లాస్టిక్ సిమెంటు నిజానికి జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. అందుకే ఒకసారి పడితే వెనక్కి తీయలేం. సందులు మిగిలితే పుట్టీ పెట్టి అరగదీయాలి. మా వాడికి పదకొండేళ్ళు. ఇదంతా ఎందుకమ్మా అని విసుక్కుంటే కొండపల్లి బొమ్మ చూపించాను. అక్కడివాళ్ళు తెల్ల పొణికి కర్రతో ముక్కలు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆ పైన రంగులు వేస్తారు. మన పుట్టీయే వాళ్ళ మక్కు, మన ప్రైమరే వాళ్ళ సున్నం. వాడు ఇప్పుడు ప్రైమర్‌ని సున్నం అనే అంటాడు. ఇంట్లో ఒక తెలుగు మాట పెరిగింది.

రంగు దగ్గరే మాకు అసలు చిక్కు వచ్చింది. ఉన్న ఫోటో ఒక్కటే, అదీ బ్లాక్ అండ్ వైట్. "లేత నీలం" అన్నారు నాన్న. "మీ నాన్నకేం గుర్తుంటుంది, పెసరపచ్చ. నేను ఎక్కి కాపురానికొచ్చిన కారు నాకు తెలీదా?" అంది అమ్మ. మూడు ఆదివారాలు ఇదే గొడవ. ఒకసారి నాన్న కోపంగా ఫోన్ పక్కన పెట్టేశారు. చివరికి మా మేనత్త తేల్చింది. కొన్నప్పుడు నీలమే. 1976లో పెళ్ళికి ముందు షెడ్డులో ఇచ్చి పచ్చ వేయించారు. నాన్నకి తను కొన్న కారు గుర్తుంది, అమ్మకి తను ఎక్కిన కారు గుర్తుంది.

అందుకని రెండూ వేశాను. ముందు తెల్ల ప్రైమర్, దాని మీద లేత నీలం స్ప్రే. రెండు రోజులు ఆరాక క్లియర్ కోటు, మరో వారం ఆగి పచ్చ. అదీ ఆరాక 2000 నంబరు కాగితాన్ని నీళ్ళలో తడిపి, తలుపు అంచున, హ్యాండిల్ చుట్టూ, బానెట్ మూలల్లో మెల్లగా రుద్దితే, అరిగినచోట కింది నీలం తొంగిచూస్తుంది. నిజంగా మళ్ళీ రంగు వేసిన కారు పాతబడితే అలాగే ఉంటుంది. చేయి ఆపుకోవడమే కష్టం, ఇంకో రెండు రుద్దులు రుద్దితే ప్రైమర్ బయటపడుతుంది.

స్ప్రే డబ్బా వాడేవాళ్ళు మా కెర్రీ వాతావరణాన్ని లెక్కలో పెట్టుకోవాలి. తేమ ఎక్కువున్న రోజున లాకర్ రంగు కొడితే పైన పాలపొర కమ్మేస్తుంది. ద్రావకం త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచడం వల్ల గాలిలోని నీరు రంగులో చేరి అలా తెల్లబారుతుంది. నా మూడో కారు వాన వెలిసిన గంటకి తొందరపడి కొట్టి చెడగొట్టుకున్నాను. ఇరవై యూరోల లోపు దొరికే తేమ మీటరు ఒకటి పెట్టుకుని, అరవై శాతం దాటితే డబ్బా ముట్టుకోకండి. డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. వేడినీళ్ళు మాత్రం వద్దు, పేలుతుంది. షెడ్డులో, అట్టపెట్టె లోపల, తలుపు తీసి, ద్రావకాలకి పనికొచ్చే ఫిల్టర్ మాస్క్ పెట్టుకుని కొట్టాలి. మామూలు సర్జికల్ మాస్క్ ఆవిరిని ఆపదు, ఇది నా వృత్తి తరఫున చెబుతున్న మాట. పిల్లలకి స్ప్రే ఇవ్వకండి, నీళ్ళతో కడిగే అక్రిలిక్ రంగులు, కుంచె ఇవ్వండి. ఒకదాని మీద ఒకటి వేసేటప్పుడు లాకర్ అడుగున, అక్రిలిక్ పైన ఉండాలి. తిరగేస్తే కింది రంగు ముడతలు పడుతుంది.

లోపలి సీట్లు ఎర్ర రెగ్జిన్, మెరుపు తగ్గించి వేశాం. టైర్లకి పూర్తి నలుపు వద్దు, ముదురు బూడిద అయితేనే రబ్బరులా కనిపిస్తుంది. తలుపుల చుట్టూ గీతల్లోకి కూడా పల్చటి బూడిద రంగే దించాలి. నల్లది దించితే కార్టూన్ అవుతుంది. బంపర్లకి క్రోమ్ పెన్ను చాలు.

అద్దాలకి సూపర్ గ్లూ మాత్రం వాడొద్దు. దాని ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ మసకబారుతుంది, మళ్ళీ మెరుగు పెట్టడం పెద్ద పని. పిల్లలు బళ్ళో వాడే తెల్ల పీవీఏ జిగురు చాలు, ఆరితే కనబడదు.

వెనక చక్రాల దగ్గర ఒక విశేషం ఉంది. హెరాల్డ్‌కి వెనక స్వింగ్ యాక్సిల్. బరువెక్కితే చక్రాల కింది అంచులు బయటికి జరిగి, కారు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. మన మెకానిక్కులకి ఇది నచ్చకే, తర్వాత వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కి మామూలు యాక్సిల్ పెట్టారు. ఫోటోలో వెనక సీట్లో నలుగురున్నారు, కనుక ఇరుసుని రవ్వంత అరగదీసి చక్రాల్ని అలాగే వాల్చాను. పైన లగేజీ క్యారియర్ కిట్‌లో లేదు. పాత చార్జర్ వైరులోని రాగి తీగ వంచి మావాడు కట్టాడు. నంబరు ప్లేటు నల్లపలక మీద తెల్లక్షరాలు, ఆ రోజుల్లో సొంత కార్లకి అలాగే ఉండేవి. నంబరు ఏమిటని అడిగితే నాన్న ఒక్క క్షణం ఆగలేదు. పొద్దున వేసుకున్న మాత్ర ఏమిటో చెప్పడానికి ఆయనకి ఈమధ్య అయిదు నిమిషాలు పడుతోంది.

కొనడం గురించి కూడా చెప్పాలి. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ దుకాణాల నుంచి తెప్పిస్తే ఇక్కడ 23 శాతం వ్యాట్ పడుతుంది, మొత్తం కలిపి లెక్క చూసుకోండి. ఉత్తర ఐర్లండ్ నుంచి గానీ యూరప్ దేశాల నుంచి గానీ కొంటే ఆ తలనొప్పి లేదు. స్ప్రే డబ్బాలు పోస్టులో తెప్పించడం కష్టం, దొరికిన ఊళ్ళో చేత్తో కొనుక్కోవడమే మేలు. ఇండియా వెళ్ళేటప్పుడు స్ప్రేలు, ప్లాస్టిక్ సిమెంటు ఏ బ్యాగులోనూ పెట్టకండి, మండే సరుకు. పూర్తయిన బొమ్మకి ఇబ్బంది లేదు. నేను స్టీలు టిఫిన్ డబ్బాలో నురుగు ముక్కలు కోసి, చక్రాలకి బరువు తగలకుండా పొట్ట కింద ఆనించి, చేతిబ్యాగులో పెట్టుకున్నాను. ట్రాలీ కేస్‌మెంట్ స్టేషన్ నుంచి డబ్లిన్, అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా చెన్నై, ఆపైన రైల్లో నెల్లూరు. ఊడింది ఒక్క వైపరే.

నాన్న కళ్ళద్దాల మీద భూతద్దం కూడా పెట్టుకుని చాలాసేపు చూశారు. తలుపు అంచున నీలం కనబడగానే అమ్మ వైపు తిరిగి, "చూశావా" అన్నారు. "పైనున్నది పచ్చే కదండీ" అంది అమ్మ. తర్వాత ఆయన కారుని పక్కకి తిప్పి, "అన్నీ బాగున్నాయమ్మా, ఎడమవైపు వెనక చక్రానికి మూత ఉండకూడదు. కావలి రోడ్డు మీద ఎక్కడో పడిపోయింది, మళ్ళీ వేయించలేదు" అన్నారు. నా హ్యాండ్‌బ్యాగులో గోళ్ళు రుద్దుకునే ఆకురాయి ఉంటే, అక్కడే మంచం మీద కూర్చుని ఆ మూతని ఊడదీశాను.