చివరి వరుసలో బస్సు ప్రయాణికుడు

బ్రిటిష్ ఇండియాలో మోటారు వాహనాలకు తొలి కేంద్ర చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో 1939 చట్టం, ఆ తరువాత 1988 చట్టం వచ్చాయి. 1939 చట్టం వెనుక ఉన్న పెద్ద ఆందోళన ప్రయాణికుడి ప్రాణం గురించి కాదు, రైల్వేల రాబడి గురించి. బస్సులు రైళ్ల ప్రయాణికులను లాక్కుపోతున్నాయన్న చింతతోనే 1930లలో మిచెల్-కిర్క్‌నెస్ నివేదిక తయారైంది. పర్మిట్లు, రూట్లు, రవాణా అధికార సంస్థల వ్యవస్థ ఆ చింతలోంచే రూపుదిద్దుకుంది. ఆనాటి నుంచి పాలకుల దృష్టిలో బస్సు అంటే ఒక పర్మిట్టు, ఒక పన్ను, ఒక చార్జీ. లోపల కూర్చున్న మనిషి దేహం ఢీకొన్న క్షణంలో ఏమవుతుందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

భుజం మీదుగా, నడుము చుట్టూ బిగించే మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించాడు. ఇతర తయారీదారులు కూడా వాడుకునేందుకు ఆ సంస్థ అనుమతించింది. భారతదేశంలో ముందు సీట్లకు బెల్టు తప్పనిసరి కావడానికి 1990ల దాకా ఆగవలసి వచ్చింది. కార్ల వెనుక సీట్ల వంతు అంతకన్నా ఆలస్యంగా వచ్చింది. 2022 సెప్టెంబరులో పాల్‌ఘర్ వద్ద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించిన తరువాతే వెనుక సీటు బెల్టు దేశవ్యాప్త చర్చగా మారింది. ఆ ఏడాది దేశంలో రోడ్లపై 1,68,491 మంది చనిపోయారు. విచిత్రమేమిటంటే, ఆ బెల్టును ప్రపంచానికిచ్చిన సంస్థ పేరే మన జనం నోట ఏసీ బస్సుకు పర్యాయపదమైంది. ఆ బస్సుల్లో నడుము బెల్టు ఉన్నా పెట్టుకునేవారు అరుదు.

2019 సవరణ ఈ వరుసక్రమాన్ని చట్టంలోనే నమోదు చేసింది. 194బి సెక్షన్ ప్రకారం బెల్టు పెట్టుకోని ప్రయాణికులను తీసుకువెళితే జరిమానా వెయ్యి రూపాయలు. అయితే, నిలుచుని ప్రయాణించే వీలున్న రవాణా వాహనాలను, మరికొన్ని నిర్దిష్ట తరగతుల వాహనాలను దీని నుంచి మినహాయించే అధికారాన్ని అదే సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది.

ఈ మినహాయింపును పూర్తిగా తప్పుపట్టలేం. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా పల్లెల దాకా చేరింది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఆ నమూనాకు దేశమంతటా ఊతమిచ్చింది. సీటు లేకపోయినా బస్సు ఎక్కనివ్వడం వల్లే కూలీలు, విద్యార్థులు పట్నం చేరుకుంటున్నారు. వారిని దింపేస్తే ఎక్కేది ఆటోలో, ట్రాక్టరు ట్రాలీలో. కానీ ఈ వాదనకు హద్దు ఎక్కడో 2018 సెప్టెంబరు 11న కొండగట్టు చూపింది. ఘాట్ రోడ్డులో లోయలో పడిన ఆర్టీసీ బస్సులో వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా మరణించారు. సీటే లేనివారికి బెల్టు ప్రశ్నే లేదు. అక్కడ కావలసినది మరో బస్సు. పరిమితికి మించి ఎక్కించుకుంటే ఒక్కో ప్రయాణికుడికి 200 రూపాయల జరిమానా అని 194ఎ సెక్షన్ చెబుతుంది. అదనపు బస్సు వేయవలసిన బాధ్యత ఎవరిదో ఆ జరిమానా చెప్పదు.

దూరప్రాంత రాత్రి బస్సుల కథ వేరు. అక్కడ ఎవరూ నిలుచోరు. ప్రతి ప్రయాణికుడికీ సంఖ్య వేసిన సీటో, బెర్తో ఉంటుంది. 2013 అక్టోబరు 30న పాలెం వద్ద 45 మంది, 2023 జూలై 1న సమృద్ధి మహామార్గంపై బుల్ఢాణా వద్ద 25 మంది, 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలో 19 మంది ప్రయాణికులు మంటల్లో మరణించారు. అప్పుడల్లా చర్చ అత్యవసర ద్వారాలు, అద్దాలు పగలగొట్టే సుత్తుల చుట్టూ తిరిగింది. అది అవసరమైన చర్చే. మంటల్లో బెల్టు ఉచ్చవుతుందన్న భయమూ వినిపిస్తుంది. అయితే ఢీకొన్న కుదుపుకు తల పగిలి స్పృహ తప్పినవారు తెరిచి ఉన్న తలుపును కూడా చేరుకోలేరు. బెల్టు, అత్యవసర ద్వారం పరస్పర ప్రత్యామ్నాయాలు కావు.

ఐరోపా సమాఖ్య 2003 నాటి ఆదేశంతో, బెల్టులు అమర్చిన దూరప్రాంత బస్సుల్లో వాటిని పెట్టుకోవడం తప్పనిసరి చేసింది. అమెరికా 2013లో నిబంధన తెచ్చి, 2016 నవంబరు నుంచి తయారయ్యే పెద్ద దూరప్రాంత బస్సుల్లో ప్రతి సీటుకూ భుజం బెల్టు ఉండాలన్నది. నగరాల్లో జనం నిలుచుని వెళ్లే బస్సులను రెండు చోట్లా వేరుగానే చూశారు. ఢిల్లీ చేయవలసింది కూడా ఆ విభజనే. నిలుచునే పేదవాడి కోసం రాసిన మినహాయింపు నీడలో, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సాగే స్లీపరు కోచ్ దాక్కునే వీలు ఉండకూడదు. ఆ గీత గీయడానికి కొత్త చట్టం అక్కరలేదు. మినహాయింపు అధికారం రాష్ట్రాల చేతిలోనే ఉంది కనుక జవాబుదారీతనమూ వాటిదే.