పాత వీడియో గేమ్ డబ్బా ఇంటికి కొనే ముందు

మా సంఘానికి వచ్చేవాళ్లు మామూలుగా భాషా మైనారిటీ పత్రం గురించో, పిల్లలకు తెలుగు వాచకాలు ఎక్కడ దొరుకుతాయనో అడుగుతారు. కిందటేడు వానాకాలంలో కమఠాణ యువకుడు ఒకరు వచ్చి వేరే ప్రశ్న వేశారు. "కాకా, హైదరాబాద్‌ల పాత గేమ్ డబ్బా ఒకటి అమ్ముతున్నరట. ఫోటోలు పంపిండ్రు. అడ్వాన్సు ఎయ్యమంటున్నరు, ఎయ్యాల్నా?" ఆయన తండ్రి 1990లలో బీదర్‌లో రెండు డబ్బాలు పెట్టి, పిల్లల దగ్గర రూపాయి బిళ్లలు తీసుకొని ఆడించేవారు. వ్యాపారం పడిపోయాక రెండూ అమ్మేశారు. ఇప్పుడు తండ్రి లేరు. అలాంటిదే ఒకటి ఇంట్లో ఉండాలని కొడుకు కోరిక. "పైసలు ఎయ్యకు బిడ్డా, ముందు పోయి చూద్దాం" అన్నాం.

తర్వాత మరో ఇద్దరు అదే అడిగారు. అందుకే తెలిసింది రాసి పెడుతున్నాం. మేము మెకానిక్‌లం కాము, జీవితమంతా ఫైళ్లు రాసినవాళ్లం. అంతకు ముందు ఒక ఉగాదికి పిల్లల కోసం సంఘం తరఫున ఇలాంటి డబ్బా ఒకటి కొని నష్టపోయాం కాబట్టి ఈ సంగతులు తెలుసు. ఆ కథ కింద వస్తుంది.

పాతది అంటే ఏది పాతది?

జపాన్‌లో టైటో కంపెనీ స్పేస్ ఇన్వేడర్స్ 1978లో, నామ్‌కో పాక్‌మాన్ 1980లో, కాప్‌కామ్ స్ట్రీట్ ఫైటర్ రెండో భాగం 1991లో వచ్చాయి. అక్కడా అమెరికాలో డబ్బా, తెర, బోర్డు అన్నీ ఫ్యాక్టరీ నుంచే కలిసి వచ్చేవి. మన ఊళ్లలో అలా కాదు. ఎక్కువ భాగం వడ్ల మిస్త్రీ ప్లైవుడ్‌తో చేసి సన్‌మైకా అతికించిన పెట్టెలే. లోపల కలర్ టీవీ పిక్చర్ ట్యూబు, బయటి దేశం నుంచి వచ్చిన బోర్డు, చాలాసార్లు దానికి నకలు. కాబట్టి "ఒరిజినల్ పీస్" అని ఎవరైనా అంటే, ఏది ఒరిజినల్ అని అడగండి. పెట్టెనా, ట్యూబా, బోర్డా? మూడింటికీ వేర్వేరు జవాబులు వస్తాయి.

మనవాళ్లు ఎక్కువగా వెతికేది "ముస్తఫా". దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, కాప్‌కామ్ 1993లో తెచ్చింది. మార్క్ షుల్ట్జ్ గీసిన జెనోజోయిక్ టేల్స్ అనే బొమ్మల కథ దానికి ఆధారం. అందులోని నలుగురు వీరుల్లో పసుపు టోపీ పెట్టుకున్నవాడి పేరు ముస్తఫా కైరో. మన పిల్లలు ఆటకే అతని పేరు పెట్టేశారు. అమ్మేవాడి దగ్గర కాడిలాక్స్ అంటే తెలియకపోవచ్చు, ముస్తఫా అంటే తెలుస్తుంది.

ఇంకొకటి. కొత్త ఎండీఎఫ్ చెక్కతో పెట్టె చేసి, ఎల్‌సీడీ తెర పెట్టి, వందల ఆటలున్న చిన్న చైనా బోర్డు ఒకటి బిగించి "వింటేజ్" అని అమ్ముతున్నారు. ఆడుకోవడానికి అది చెడ్డదేమీ కాదు, షాక్ భయం కూడా తక్కువ. పాతది అని చెప్పి పాత ధర తీసుకోవడమే తప్పు. ఇంట్లో చిన్న పిల్లలుండి, పాత జ్ఞాపకాలతో పనిలేదంటే, మా సలహా ఆ కొత్తదే.

ప్రాణం మీదికి తెచ్చేది

ఈ భాగం నిదానంగా చదవండి. పిక్చర్ ట్యూబుకు వెనక రబ్బరు గిన్నె లాంటి మూత కింద దాదాపు 20 నుంచి 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. స్విచ్ తీసేసినా, ప్లగ్గు పీకేసినా ట్యూబులో చార్జి నిలిచి ఉండవచ్చు. వెనక తలుపు తీసి దుమ్ము దులుపుదామని చెయ్యి పెట్టకూడదు. ట్యూబు మెడ సన్నని గాజు. దెబ్బ తగిలితే ట్యూబు లోపలికి కుంగి పగులుతుంది, ముక్కలు బయటికి ఎగురుతాయి. పాత టీవీలు బాగుచేసిన మెకానిక్‌తోనే తెరిపించాలి. అలాంటి వాళ్లు ఇప్పుడు మాలాగే రిటైరవుతున్నారు, కాబట్టి కొనకముందే మెకానిక్‌ను చూసుకోండి.

దీనికంటే ఎక్కువ మోసం చేసేది మరొకటి ఉంది. పాత టీవీల్లో చాలావాటి చాసిస్ నేరుగా మెయిన్స్ కరెంటుకు కలిసి ఉంటుంది. టీవీగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది కనుక మనకు తగలదు. అదే చాసిస్‌ను గేమ్ బోర్డుకు కలిపితే బోర్డు గ్రౌండు ద్వారా ఇనుప కంట్రోల్ ప్యానెల్‌కు, బిళ్ల వేసే తలుపుకు కరెంటు రావచ్చు. మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. మన దగ్గర చేసిన పెట్టెల్లో ఖర్చు తగ్గించడానికి దాన్ని వదిలేసినవి ఉన్నాయి. ఒట్టి కాళ్లతో, చెమట చేతులతో ఆడే పిల్లలకు ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

చూడడానికి వెళ్లినప్పుడు జేబులో ఒక టెస్టర్ ఉంచుకోండి. మిషన్ నడుస్తుండగా ప్యానెల్ స్క్రూలకు, బిళ్ల తలుపుకు టెస్టర్ ఆనించండి. టూ పిన్ ప్లగ్గు అయితే తిప్పి పెట్టి మళ్లీ చూడండి. వెలిగితే ఆ మిషన్ అలాగే కొనవద్దు. వెలగకపోయినా అంతటితో సరిపోదు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో మెకానిక్ కళ్లతో చూడాలి. ఇంటికి వచ్చాక త్రీ పిన్ వైరు వేయించి, ఇనుప భాగాలన్నీ ఎర్తింగుకు కలపాలి. కమఠాణ వైపు పాత ఇళ్లలో త్రీ పిన్ సాకెట్ ఉంటుంది కానీ వెనక ఎర్తు వైరే ఉండదు. అది ముందు సరిచేయించండి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి.

ట్యూబు, బోర్డు, పెట్టె

ట్యూబుకు ఎక్కువ విలువ కట్టండి. ఒకప్పుడు మన దేశంలో సామ్‌టెల్ లాంటి కంపెనీలు ట్యూబులు చేసేవి. ఇప్పుడు ఆ తయారీ లేదు, పోతే మరో పాత టీవీ వెతకాల్సిందే. మీరు వెళ్లేసరికి మిషన్ ఆపి ఉండాలని ముందే చెప్పండి. ఆపి ఉన్న తెర మీద పాత ఆట అక్షరాలు నీడలా కనిపిస్తే అది మాడిన ట్యూబు. చల్లగా ఉన్నప్పుడు వేస్తే బొమ్మ మసకగా మొదలై, వెలుతురు రావడానికి చాలా నిమిషాలు పడితే ట్యూబు అలసిపోయింది. బొమ్మ అంచుల్లో ఊగడం, కుంచించుకుపోవడం చాలావరకు కెపాసిటర్ల సమస్య, చిన్న ఖర్చుతో పోతుంది. చిటపటమని చప్పుడు వస్తే ఈహెచ్‌టీ చూపించాలి. రెండు గంటలు ఆడి చూడండి, మొహమాటం వద్దు.

బోర్డు సంగతి. 1985లో జపాన్ తయారీదారుల సంఘం జామా అనే ఒకే రకం కనెక్షన్ పెట్టింది, రెండు వైపులా 28 చొప్పున 56 పిన్నులు. జామా వైరింగ్ ఉన్న పెట్టెలో ఆ రకం బోర్డు ఏదైనా మార్చుకోవచ్చు. కనెక్టర్ తిరగేసి పెడితే బోర్డు కాలిపోతుంది. స్ట్రీట్ ఫైటర్‌కు ఒక్కొక్కరికి ఆరు బటన్లు కావాలి, వాటిలో కిక్ బటన్లకు వేరే వైరు ఉంటుంది, అదీ ఉందా అని చూడాలి. ముస్తఫా అసలు బోర్డులో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే లోపలి రహస్య సమాచారం చెరిగిపోయి ఆట నడవదు. బ్యాటరీ ఎప్పుడు మార్చారని అడగండి. బోర్డు దగ్గర మల్టీమీటర్ పెడితే 5 వోల్టులు ఉండాలి. 4.75 కంటే తగ్గితే ఆట మధ్యలో ఆగి మొదటికి వస్తుంది, 5.25 దాటితే చిప్పులకు ముప్పు.

ఇక్కడే మా ఉగాది కథ. పవర్ సప్లైకి 110, 220 అని చిన్న స్విచ్ ఉంటుంది. అమ్మినాయన పని చేయని పవర్ సప్లై తీసి మరొకటి ఇచ్చాడు, స్విచ్ 110 మీద ఉంది. మేము చూడలేదు. ప్లగ్గు పెట్టగానే ఢామ్మని పేలి హాలంతా పొగ. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత చూస్తే ప్లైవుడ్ అడుగున చెదలు కూడా. లెక్కల్లో ఆ మొత్తం ఏ పద్దు కింద రాయాలా అని వారం ఆలోచించాం.

కాబట్టి పెట్టె అడుగు పలకను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెద లేదా చెమ్మ. మరీ చెడకపోతే అడుగు పలక ఒక్కటే మిస్త్రీతో మార్పించుకోవచ్చు.

ఎక్కడ వెతకాలి, ఎలా తేవాలి

హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాను వస్తుంది, డబ్బా మొత్తం దొరక్కపోయినా ట్యూబులు, స్టిక్కులు దొరకవచ్చు. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, బెంగళూరు అయితే ఎస్పీ రోడ్డు. మూతపడిన గేమ్ షాపుల యజమానులను నేరుగా అడగడం ఇంకా మేలు. విదేశం నుంచి తెప్పించాలనుకునేవారికి ఒక మాట: ఇలా వాడిన సామాను దిగుమతికి డీజీఎఫ్‌టీ అనుమతి కావాలి, అది లేకుండా వస్తే కస్టమ్స్‌లో ఆగుతుంది. పైగా అమెరికా మిషన్లు 120 వోల్టులవి, జపాన్‌వి 100 వోల్టులవి. మొదటిసారి కొనేవాళ్లు ఆ జోలికి పోవద్దు.

కమఠాణ యువకుడితో మేమూ వెళ్లాం. ఫోటోల్లో మెరిసిన డబ్బాకు టెస్టర్ పెడితే ప్యానెల్ వెలిగింది. వచ్చేశాం. అడ్వాన్సు పంపి ఉంటే ఆ పైసలు పోయేవి. రెండు నెలల తర్వాత జహీరాబాద్ వైపు మూసేసిన షాపులో ఇంకొకటి చూశాం. 35 వేలు అడిగి 21 వేలకు ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్, ఎర్తింగు, కెపాసిటర్లకు మరికొంత అయింది. రసీదు రాయించుకున్నాం. దాని మీద ఆట పేరు, ట్యూబు సైజు, "నడుస్తున్న స్థితిలో" అనే మాట ఉండాలని పట్టుబట్టాం. ఆయనకు నవ్వు వచ్చింది, అయినా రాశారు.

తెచ్చేటప్పుడు టాటా ఏస్ చాలు. డబ్బా నిలువుగానే ఉండాలి, వెల్లకిలా పడుకోబెట్టవద్దు. బోర్డు విప్పి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి. ముందే ఇంటి తలుపు వెడల్పు కొలవండి. మేము కొలవలేదు, చౌకట్టు దగ్గర కంట్రోల్ ప్యానెల్ విప్పాల్సి వచ్చింది. గోడకు జానెడు దూరంగా, చెమ్మ తగలని చోట, కింద రెండు చెక్క దిమ్మెలు వేసి పెట్టాలి. వోల్టేజీ ఎక్కువ తక్కువలకు స్టెబిలైజర్ తప్పదు. వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచాలి.

బిళ్లలు వేయకుండా ఆడుకోవడానికి చాలా ఆటల్లో ఫ్రీ ప్లే సెట్టింగ్ ఉంటుంది, లేకపోతే ఒక బటన్‌ను బిళ్ల స్విచ్‌కు కలిపించుకోవచ్చు. బయటి పిల్లల దగ్గర పైసలు తీసుకొని ఆడిస్తే అది ఇంటి వాడకం కాదు, వ్యాపారం. దానికి అనుమతులు వేరే.

చూడడానికి వెళ్లేవారికి సంఘంలో ఒక టెస్టర్, ఒక మల్టీమీటర్ ఉన్నాయి, ఉచితంగా ఇస్తాం. తీసుకునేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు రిజిస్టరులో సంతకం చేయాలి. మల్టీమీటర్ బ్యాటరీ అయిపోతే తీసుకెళ్లినవారే వేయించాలి.