పసిబిడ్డ హఠాత్తుగా చనిపోతే.. ఆసుపత్రి సిబ్బంది ఏం చేయాలి? తల్లిదండ్రులు ఏం అడగొచ్చు?

రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి కదలదు. పరుగున ఆసుపత్రికి తీసుకెళితే డాక్టర్ పరీక్షించి ప్రాణం లేదంటారు. వైద్యం అక్కడితో ఆగిపోయినా సిబ్బంది బాధ్యత ఆగదు. మీరు కన్నవారైనా, బంధువులైనా, ప్రసూతి వార్డులో పనిచేసేవారైనా ఈ విషయాలు తెలుసుకోండి.

తప్పు ఎవరిది?

ఏడాదిలోపు బిడ్డ నిద్రలో హఠాత్తుగా చనిపోయి, పోస్టుమార్టం చేసినా, ఇంటి పరిస్థితులు, ఆరోగ్య చరిత్ర పరిశీలించినా కారణం తేలకపోతే దాన్ని వైద్యులు 'సిడ్స్' అంటారు. 2 నుంచి 4 నెలల వయసులో ఇది ఎక్కువ. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం, దగ్గర్లో పొగ తాగకపోవడం ముప్పును తగ్గిస్తాయే తప్ప పూర్తిగా తొలగించలేవు. అందుకే 'పక్కలో ఎందుకు పడుకోబెట్టావు?' అని తల్లిని నిలదీయకూడదు. వివరాలు అడగాల్సి వస్తే ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలి.

విషయం ఎలా చెప్పాలి?

తల్లిదండ్రులిద్దరినీ వేరే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. 'సీరియస్‌గా ఉంది' అంటూ దాటవేయకుండా బిడ్డ చనిపోయిందని స్పష్టంగా చెప్పాలి. పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోనే మాట్లాడాలి. 'మళ్లీ పుడతారులే' అనే మాట ఓదార్పు కాదు.

తల్లికి బిడ్డను చూపించవచ్చా?

తల్లి చూడకూడదంటూ పెద్దలు హడావిడిగా ఖననానికి తీసుకెళ్లడం మన ఇళ్లలో చూస్తుంటాం. నర్సు తల్లినే నేరుగా అడగాలి. చూస్తానంటే కాసేపు ఒడిలో పెట్టాలి. వద్దంటే బలవంతం చేయకూడదు. కుటుంబం ఒప్పుకుంటే పాదముద్ర, ఫొటో తీసి ఇవ్వవచ్చు.

పోలీసులు ఎందుకు వస్తారు?

తెచ్చేసరికే బిడ్డ చనిపోయి, కారణం తెలియకపోతే ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు, పోస్టుమార్టం అవసరం కావచ్చు. కారణం తెలుసుకునే ప్రక్రియే తప్ప మీపై నేరం మోపడం కాదని సిబ్బంది వివరించాలి. మృతదేహం తరలింపునకు ఉచిత వాహనం ఉందేమో మీరే అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని 'మహాప్రస్థానం' పేరుతో నడుపుతున్నారు.

తల్లి పాల సంగతేమిటి?

చాలామంది ముందుగా చెప్పని విషయమిది. బిడ్డ పోయినా కొన్ని రోజులు పాలు వస్తూనే ఉంటాయి. బరువుగా అనిపిస్తే ఉపశమనం కలిగేంత వరకే పిండాలి. చల్లని గుడ్డ వేసుకోవచ్చు. గుడ్డతో బిగించి కట్టకూడదు. జ్వరం, రొమ్ముపై ఎర్రదనం ఉంటే డాక్టర్‌ను కలవాలి. పాలు తగ్గే మాత్రలు డాక్టర్ సలహాతోనే వాడాలి. వార్డులో ఉన్న తల్లిని, వీలైతే పసిపిల్లల ఏడుపులు వినిపించని మంచానికి మార్చాలి.

ఏ కాగితాలు కావాలి?

జననం, మరణం రెండూ 21 రోజుల్లోపు నమోదు కావాలి. జనన నమోదు ముందే అయి ఉంటే మరణ నమోదు చాలు. పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డ చనిపోతే కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఉంది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఈ ఉత్తర్వులోని షరతులను మీ కార్యాలయంలో తెలుసుకోండి.

ఇంటికి వెళ్లాక ఎవరు చూస్తారు?

ఆశా కార్యకర్త 42వ రోజు వరకు ఇంటికి రావడం బిడ్డ కోసమే కాదు, బాలింత కోసం కూడా. బిడ్డ లేదని రాక మానకూడదు. ఏఎన్‌ఎం వెంటనే రికార్డు సరిచేయాలి. లేదంటే 'బిడ్డకు టీకా వేయించారా?' అంటూ ఫోన్ రావచ్చు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా డాక్టర్‌ను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇది తండ్రికీ వర్తిస్తుంది. అందరినీ ఓదారుస్తూ తిరిగే ఆయన్ను 'నువ్వెలా ఉన్నావు?' అని అడిగేవారు తక్కువ.