ఆఁబోతు: ఒంగోలు గోజాతి చరిత్రము

«అచ్చోసిన ఆఁబోతు» అను నుడి నేఁడు తెలుగునాట నిందార్థమున వాడఁబడుచున్నది. పనిపాటలు లేక, యెవరి యదుపునకును లోఁబడక తిరుగువానిని జను లిట్లు తిట్టుదురు. కాని యొకప్పు డీ రెండు పదములును గౌరవవాచకములు. ఈ నుడి నిందయై దిగజాఱుటకును, ఒంగోలు గోజాతి స్వదేశమున క్షీణించుటకును గల సంబంధము విచారింపఁదగినది.

గోవునకు «ఆ» యని ప్రాచీననామము. తమిళమున «ఆన్» అను రూపము గలదు. పోతనఁగా మగజంతువు. నకారముమీఁది పరుషము సరళము కాఁగా ఆంబోతు, ఆఁబోతు అను రూపములు సిద్ధించినవి. అచ్చనఁగా ముద్ర. ధర్మార్థము విడుచు కోడెకుఁ ద్రిశూలచక్రాది చిహ్నములను గాల్చి వేయుదురు. «అచ్చు పోసిన» యనునది గసడదవాదేశముచే «అచ్చు వోసిన» యై, వాడుకలో «అచ్చోసిన» యైనది. కాఁబట్టి యీ నుడికి మూలార్థము «గుర్తు వేసి గ్రామమునకు సమర్పించిన గోపతి» యని తెలియవలెను.

వృషోత్సర్గ మతిప్రాచీనము. పారస్కర గృహ్యసూత్రము తృతీయకాండమున దీని విధానము చెప్పఁబడినది. విడువఁబడు వృషభము సర్వాంగసంపూర్ణమై, మందలో నెల్ల రూపవంతమై యుండవలెను. దాని తల్లి బ్రదికిన దూడ గలదియుఁ బాఁడి గలదియు నై యుండవలెను. దానితోఁ గూడ శ్రేష్ఠములగు నాలుగు పెయ్యలను మందలో విడుచుట విధి. ధర్మకార్యమునఁ దల్లిపాఁడిని విచారించుట గమనింపఁదగినది. కోడె పాలీయదు, కాని దాని సంతతిలోని యావులు పాలిచ్చును. మగదాని యోగ్యతను దల్లినిబట్టి నిర్ణయింపవలె నను పశుపోషణసూత్ర మిందు స్పష్టము.

గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు అను నేళ్ల ప్రాంతము ఒంగోలు జాతికిఁ బుట్టినిల్లు. ఈ మూసి సైదాబాదు, మలకపేటల కుత్తరమునఁ బాఱు హైదరాబాదు మూసి గాదు. అదే పేరుగల వేఱొక యేఱు. ఇచటి నల్లరేగడి నేలలలో జొన్న పండును. కాన చొప్పకుఁ గొఱఁత లేదు. సంపన్నుఁడగు కాఁపు తన పెద్దలు గతించినపుడు మేలైన కోడెను దేవుని పేర విడుచుట యీ సీమలో నాచారముగా నుండెను. గ్రామపెద్దలు చూచి యొప్పుకొన్న కోడెకే ముద్ర పడెడిది. పిమ్మట అది యే చేనఁ బడి మేసినను గొట్టరాదు, నాగలికిఁ గట్టరాదు, అమ్మరాదు. ఇట్లు దాని మేఁతభారమును ఊరెల్ల మోసెడిది. దానివలని ఫలమును బేదకాఁపు సైతము మూల్య మీయకయే పొందెడివాఁడు.

పోతు చిరకాలము నిలువవలె నన్న మేనిసొంపు చాలదు. కాళ్లును గిట్టలును దృఢముగా నుండవలెను. ఆఁబోతు నిత్యము ఊరిచుట్టు తిరుగును గాన దాని నడకలోని లోపము దాఁగదు. దాని దూడలును ఊరిలోనే పెరుగును. అవి యెద్దులై రేగడిని దున్నునపుడు తండ్రి యిచ్చిన బలమో, దౌర్బల్యమో బయలుపడును. ఇంతకు మించిన పరీక్ష లేదు. తెల్లని మేను, ఉన్నతమగు మూఁపురము, వ్రేలాడు గంగడోలు, పొట్టికొమ్ములు, కాటుక దీర్చినట్టి కన్నులు, నల్లని తోఁకకుచ్చు అను లక్షణము లీ పరీక్షతోడనే స్థిరపడినవి. కొనువాఁడు పండ్లు చూచి ప్రాయము నెఱుఁగును: రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆఱు పండ్లు, పిదప కడపండ్లు. అచ్చు పడని కోడెలను గృష్ణాగోదావరీ డెల్టాల కాఁపులు కొని పెంచుకొనెడివారు.

ఈ జాతి కీర్తి సముద్రములు దాఁటినది. 1868లో ఇంగ్లాండునకుఁ బోవు నొక యోడ బ్రెజిలు దేశపు బాహియా రేవునఁ దన యొంగోలు పశువుల జంట నమ్మివేసెను. 1878లో మనోయెల్ లెంగ్రూబర్ అను నాతఁడు హాంబర్గు జంతుశాలనుండి యింకొక జంటను గొనిపోయెను. ఒంగోలు నాఁడు నెల్లూరు మండలమునఁ జేరియుండెను. 1904లో గుంటూరు మండలము ఏర్పడినప్పుడు గాని విడిపోలేదు. అందుచే బ్రెజిలులో నీ జాతికి «నెలోరె» యను పేరు నిలిచినది. డచ్చివారు దీనిని సుంబా ద్వీపమునకుఁ గొనిపోయిరి. అమెరికా బ్రాహ్మన్ జాతిలోను దీని రక్తము గలదు.

ఈ వర్తక మాపదలేనిది గాదు. భారతదేశమునుండి బ్రెజిలునకుఁ బోవు పశువులవలన 1920లో ఆంట్వెర్పు రేవునఁ బశువుల ముసర వ్యాధి సోఁకెను. దాని ఫలముగా 1924లో పారిసునందుఁ బశువ్యాధుల యంతర్జాతీయకార్యాలయము వెలసెను.

బ్రెజిలు పోషకులు 1938లో వంశావళిగ్రంథము నారంభించిరి. 1962 ప్రాంతమునఁ గొనిపోఁబడిన «కర్వాది» యను వృషభమునకు ఒంగోలుచెంతనున్న కరవది గ్రామమే పేరైనది. దాని సంతతి యచట మూలవంశములలో నొకటిగా గణింపఁబడుచున్నది. 2023లో «వియాటినా-19» అను నెలోరె గోవునందలి మూఁడవ భాగము వేలమున నమ్ముడుపోఁగా, ఆ లెక్కనుబట్టి దాని పూర్తివిలువ నలువదిలక్షల డాలర్లకు మించినది.

స్వదేశమున జరిగిన దిందుకు విపరీతము. 1876-78 నాఁటి ఘోరమగు కఱవు పశుసంపదను గబళించెను. బీళ్లు పొలములయ్యెను. ట్రాక్టరు వచ్చి యెద్దు పనిని హరించెను. పాలకై జెర్సీ మొదలగు విదేశజాతుల సాంకర్యము వ్యాపించెను. ఆఁబోతును మోయ నంగీకరించిన గ్రామసమ్మతి సడలఁగా, చేనఁ బడిన పోతు పంటకు శత్రువుగాఁ గనఁబడెను. నుడికారమున మిగిలిన దీ కోపమే. లాం, చదలవాడలలోని ప్రభుత్వ క్షేత్రములును, బండలాగుడు పందెములకై గిత్తలఁ బెంచు రైతులును ఈ జాతిని నిలుపుకొనుచు వచ్చిరి.

విచారింపఁగా, బ్రెజిలు వంశావళికిని మన యచ్చునకును బ్రయోజన మొక్కటియే: ఏ పోతు యోగ్యమైనదో నలుగురు కూడి నిర్ణయించి, యా నిర్ణయమునకు గుర్తు వేయుట. వారు కాగితముమీఁద వ్రాసిరి; మనవారు తొడమీఁదఁ గాల్చిరి. కాగితము నిలిచినది, అచ్చు మాసినది. పందెములో గెలిచిన గిత్త బలము చూచువారు నేఁడును గలరు. దాని తల్లి పాఁడి యెంత, దాని దూడ లెట్టివి యను లెక్కను ఊరూర వ్రాసియుంచిననాఁడు ఆఁబోతునకు మరల నచ్చు పడినట్లగును.