కృపావరాల వివాదం: తెలుగు క్రైస్తవ సంఘాల్లో అధికార ప్రశ్న

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్టలు స్వస్థత కోరేవారికి చిరపరిచితమైన ప్రాంతాలు. బల్కంపేట ఎల్లమ్మ బావినీరు చర్మరోగాలను పోగొడుతుందని భక్తుల విశ్వాసం. సమీపంలోనే ప్రకృతి చికిత్సాలయం, కొంత ముందుకు వెళ్తే నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ. ఇటువంటి నగరంలో క్రైస్తవ కూడికకు వచ్చిన రోగి తనపై చేతులుంచి ప్రార్థించమని కోరడం, కోలుకున్నాక నిలబడి ‘సాక్ష్యం’ చెప్పడం సర్వసాధారణం. మందు మానకుండానే ప్రార్థన చేయించుకునే ఆ రోగికి ఇందులో వైరుధ్యం కనిపించదు. సంఘ చరిత్రలో మాత్రం ఇది తీవ్ర వివాదాంశం.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో పౌలు పేర్కొన్న తొమ్మిది కృపావరాల్లో స్వస్థత, అద్భుతకార్యాలు, ప్రవచనం, భాషలు ఉన్నాయి. ఇవి అపొస్తలుల కాలానికే పరిమితమా, సర్వకాలాలకూ చెందినవా అన్నదే వివాదం. రెండవ శతాబ్దిలో ఇరేనియస్ ఇవి తన కాలంలోనూ ఉన్నాయని రాశాడు. అగస్టీను ఉదాహరణ మరింత ఆసక్తికరం. తొలి రచనల్లో అద్భుతాలు కొనసాగవలసిన అవసరం లేదన్న ఆయన, ‘దైవ నగరం’ 22వ సంపుటిలో తన హిప్పో పట్టణంలో రెండేళ్లు నిండకముందే లిఖితరూపంలో నమోదైన స్వస్థతలు డెబ్బైకి దగ్గరగా ఉన్నాయని చెప్పాడు. కోలుకున్నవారి చేత వృత్తాంతం రాయించి సభలో చదివించేవాడు. తెలుగు కూడికల్లోని సాక్ష్యానికి ఇంతకంటే దగ్గరి పూర్వరూపం కనిపించదు.

సంస్కరణోద్యమకర్తలు రోమను సంఘపు అద్భుతాలను శంకించారు. ఆ ధోరణికి 1918లో అమెరికన్ వేదాంతి వార్‌ఫీల్డ్ సిద్ధాంతరూపం ఇచ్చాడు. తెలుగు నేలపై ప్రొటెస్టెంటు మిషన్లు స్వస్థతను ప్రధానంగా వైద్యసేవగానే నిర్వహించాయి. 1915లో ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో ప్రారంభించిన కుష్ఠురోగుల ఆసుపత్రి ఇందుకు నిదర్శనం. ఆ సేవ విలువ నిర్వివాదం. అయితే ఆ ఏర్పాటులో స్వస్థపరచేవాడు వైద్యుడు, బోధించేవాడు అభిషిక్త గురువు. ఇద్దరూ చాలాకాలం విదేశీయులే. సామాన్య విశ్వాసి స్వీకరించేవాడిగానే మిగిలాడు.

కృపావరాలు దేశీయుల చేతికి రావడం ఈ నేపథ్యంలోనే అర్థవంతమవుతుంది. 1860లో తిరునెల్వేలి ప్రాంతంలో అరుళప్పన్ నాయకత్వాన వచ్చిన ఉజ్జీవంలో భాషలు, ప్రవచనాలు నమోదయ్యాయి. లాస్ ఏంజెలెస్‌లో 1906 నాటి అజూసా వీధి ఉద్యమానికి అది నాలుగు దశాబ్దాల ముందుమాట. అరుళప్పన్‌కు సన్నిహితుడైన గ్రోవ్స్ వెంటే 1836లో గోదావరి డెల్టా తొలి బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ వచ్చారు. కానీ ఆ ఉజ్జీవం వంటిది అప్పట్లో డెల్టాలో పాదుకోలేదు. విదేశీ మిషనరీల ఆధిపత్యాన్ని కాదన్న కె.ఇ. అబ్రహాము అనుయాయుల భారత పెంతెకొస్తు సంఘం 1935లో ఏలూరులో రిజిస్టరైంది. అన్యభాషల సిద్ధాంతమూ స్వయంపాలన కోరికా తెలుగు నేలపై కలిసి నడిచిన సందర్భమిది.

బక్త్ సింగ్ (1903–2000) మార్గం వేరు. 1950లో అమీర్‌పేటకు కొద్ది కిలోమీటర్ల తూర్పున, గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను స్థాపించిన ఆయన పెంతెకొస్తు బోధకుడు కాడు. భాషలను ఆత్మ పొందినందుకు గుర్తుగా బోధించలేదు. అయినా రోగుల కోసం ప్రార్థించాడు. జీతమెరుగని సేవకులను, స్థానిక పెద్దలను సంఘాలకు నాయకులుగా నిలిపాడు. పరిశుద్ధ కూటముల్లో కులభేదం లేకుండా నేలమీద కూర్చొని తినే ప్రేమవిందు, స్వస్థతా ప్రార్థన ఒకే జీవనవిధానంలో భాగాలయ్యాయి. భాషల విషయంలో విభేదించిన ఈ రెండు ధారలూ ఒక చోట కలిశాయి: ఆత్మ అనుగ్రహానికి మిషన్ అనుమతి అక్కరలేదు.

ఈ స్వేచ్ఛకు మరో ముఖం లేకపోలేదు. వరం సంఘానిది కాక ఒక్క ‘దైవజనుడి’ సొత్తయినప్పుడు, కాదన్న పాత అధికారం కొత్త పేరుతో తిరిగివస్తుంది. ఔషధం మానమన్న బోధ ప్రాణాపాయం కూడా. పౌలు జాబితాలో భాషల పక్కనే వాటికి అర్థం చెప్పే వరం, ఆత్మలను వివేచించే వరం ఉన్నాయి. తెలుగు వివాదాల్లో భాషలపై జరిగినంత చర్చ ఈ రెండింటిపై జరగలేదు.